మట్ట అడ్డం పెట్టిన పుంత

యాభై రెండేళ్ళ ఆడమనిషి సైకిలు తొక్కితే ఎవరి కొంప మునుగుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా వీధిలో మాత్రం చాలామందిది మునిగింది. మొదటిసారి నేను ఆ సైకిలు మీద బయల్దేరిన రోజున పాలకేంద్రం దగ్గరున్నవాళ్ళంతా క్యాన్లు కింద పెట్టి మరీ చూశారు. "టీచరు గారి స్కూటీ పాడైనట్టుందండి, పాపం" అని ఒకావిడ జాలిపడింది. పాడవలేదమ్మా, నిక్షేపంలా ఇంట్లో ఉంది, ఇది నా సరదా అన్నాను. ఆ మాట ఆవిడకి ఎక్కలేదు. ఆదివారం చర్చిలో మరో ఇద్దరు నా మోకాళ్ళ కోసం ప్రార్థన చేస్తామన్నారు. చెయ్యండి, బాగున్న మోకాళ్ళు ఇంకా బాగుంటాయి అన్నాను. మా ఆయన మాత్రం పల్లెత్తు మాట అనలేదు. టైర్లకి గాలి కొట్టి, గుడ్డ పెట్టి తుడిచి, అరుగు పక్కన నిలబెట్టారు. ఇన్నేళ్ళ కాపరంలో ఆయన చేసిన మంచి పనుల్లో అదొకటి.

దాన్ని గ్రావెల్ సైకిలంటారట. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది, టైర్లు లావుగా గరుగ్గా ఉంటాయి. "గ్రావెల్ రోడ్ల మీద తొక్కడానికని ప్రత్యేకంగా చేసిందండి" అని రాజమండ్రిలో కొట్టాయన వివరించబోతే నాకు నవ్వాగలేదు. మామిడికుదురు వైపు పుట్టినదానికి గ్రావెల్ అంటే ఏమిటో ఇంకొకళ్ళు చెప్పాలా! ఎర్రమట్టీ కంకరా లారీల్లో తోలించి గట్ల మీద పోయిస్తారు, అదే గ్రావెల్. బడి మొహం చూడని మా అమ్మమ్మకి వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అదొకటి. వెనక క్యారియర్ బిగించమంటే కొట్టాయన మొహం అదోలా పెట్టాడు. "ఈ సైకిళ్ళకి క్యారియర్ ఉండదండి. బరువైపోద్దండి, అందం పోద్దండి" అన్నాడు. క్యారియర్ లేనిది సైకిలే కాదు, బిగించండి అన్నాను. బిగించాడు.

నా దారి ఏమిటంటే, మా పేట చివరి దాకా సిమెంటు రోడ్డు. అక్కడినుంచి కొబ్బరితోట మధ్యగా ఒక పుంత. పుంత అంటే చేల మధ్యా తోటల మధ్యా బళ్ళూ మనుషులూ తిరగడానికి ఏనాడో వదిలిన దారి. అది ఎవరి సొంతమూ కాదు, అందరిదీ. మా పుంత అర కిలోమీటరుంటుంది. దాని చివర చిన్న వంతెన, వంతెన ఎక్కితే కాలవగట్టు. గట్టు మీద గ్రావెల్ రోడ్డు పట్టుకుని, కాలవ నీళ్ళు ఆపి వదిలే లాకుల దాకా, లాకుల దగ్గర మలుపు తిరిగి ఏటిగట్టు ఎక్కి, పక్కన వైనతేయ పారుతుంటే ఓపికున్నంత దూరం. తెల్లారగట్ల బయల్దేరితే ఏడయ్యేసరికి ఇంట్లో ఉంటాను, ఎనిమిదిన్నరకి బడిలో లెక్కలు చెబుతుంటాను.

కోనసీమంతా బల్లపరుపు, ఎత్తుపల్లాలెక్కడివి అంటారు చూడనివాళ్ళు. వచ్చి తొక్కమనండి. ప్రతి పిల్లకాలవ మీదా ఒక గూని వంతెన, ప్రతి తూము దగ్గరా ఒక దిగుడు, ఏటిగట్టు ఎక్కేచోట గుండె నోట్లోకొచ్చే ఎత్తు, ఎక్కాక మొహం మీద కొట్టే ఎదురుగాలి. వానాకాలంలో ఎర్రనీళ్ళు చిమ్మి చుడీదార్ కింది భాగమంతా ఇటికరంగు అవుతుంది. ఉతుక్కునేది నేనే కాబట్టి ఎవరూ బాధపడక్కర్లేదు.

అయితే ఆ పుంత నా సరదా కోసం పుట్టినది కాదు. పేటలోవాళ్ళు కూలికి వెళ్ళేదీ, ఆడవాళ్ళు గడ్డిమోపులు తెచ్చుకునేదీ, పిల్లలు కాలవ అవతల హైస్కూలుకి వెళ్ళేదీ దాంట్లోంచే. అది మూసుకుపోతే తాటిపాక వైపు మెయిన్‌రోడ్డు ఎక్కి చుట్టూ తిరిగి రావాలి. టిప్పర్లూ, ట్యాంకర్లూ, ఒకదాన్నొకటి తోసుకునే బస్సులూ, ఆ రోడ్డు మీద నడిచేవాడికి చోటెక్కడ? మా అమ్మమ్మ ఆకుమడి నుంచి నారుకట్టలు నెత్తిన పెట్టుకుని ఆ పుంతలోనే తిరిగింది. "ఎదురుగా ఆసాములొస్తే పక్కకి దిగి, ఆళ్ళు ఎల్లేదాకా బురదలో నిలబడేవోళ్ళమే. ఏం చేత్తాం! దారి మాత్రం మాదేనే" అనేది. ఆ చివరి మాట అనేటప్పుడు ఆవిడ గొంతు పెరిగేది.

ఇక మట్ట సంగతి చెప్పాలి. మా వైపు కొబ్బరికాయలు కోయడాన్ని దింపు అంటారు. దింపు తీసేవాడు చెట్టెక్కేముందు ఒక పచ్చి కొబ్బరి మట్ట నరికి, ఆకుతో సహా దారికి అడ్డంగా పడేస్తాడు. పైన మనిషున్నాడు, కాయ పడుద్ది, రావద్దు అని దానర్థం. బోర్డుండదు, తాడుండదు, కేకలుండవు. అంత ఎత్తునుంచి పడే కాయ నెత్తిన పడితే ఇంక మాట్లాడుకోవడానికేం ఉండదు కాబట్టి ఆ మట్ట దాటినవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చంటిపిల్ల నడక నేర్చుకోగానే మా అమ్మలు మొదట నేర్పేది అదే. మట్ట కనబడితే ఆగు, పైకి చూడు, వెనక్కి తిరుగు. మళ్ళీ ఆ మట్ట తీసేది కూడా దింపు తీసిన మనిషే, చెట్టు దిగొచ్చాక. ఇంకొకడు దాన్ని ముట్టుకోడు.

శ్రావణం వానలు మొదలైన వారంలో మా పుంత మొదట్లో మట్ట కనబడింది. ఓహో దింపు అనుకుని సైకిలు తిప్పుకున్నాను. మర్నాడూ ఉంది. పెద్ద తోట కదా, ఇప్పుడు చెట్లెక్కేవాళ్ళు దొరకడమే గగనం, రోజుకి నాలుగు చెట్లు తీస్తున్నారేమో అనుకున్నాను. మూడో రోజూ అంతే. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. నేనూ, పేటంతా, బుద్ధిగా మెయిన్‌రోడ్డు మీద చుట్టూ తిరిగాం. ఒకరోజు వెనకనుంచి బస్సు చెవులు చిల్లులు పడేలా హారన్ కొడితే సైకిలుతో సహా రోడ్డు పక్క గుంటలోకి దిగాను. మోచేయి చెక్కుకుపోయింది. లేచి బస్సుని నా నోటికొచ్చినట్టు తిట్టాను. మట్టని మాత్రం ఒక్కమాట అనలేదు. అంత బుద్ధిమంతురాలిని మరి!

దాదాపు నెల అవుతుండగా, ఒక ఆదివారం ఉదయం పుంత మొదట్లో ఆగి వెనక్కి తిప్పుకుంటున్నాను. గట్టు వైపు నుంచి ఇద్దరు హెల్మెట్లవాళ్ళు పుంతలోంచి సైకిళ్ళ మీద దర్జాగా వచ్చేస్తున్నారు. హైదరాబాదు నుంచి వచ్చారట, ఫోన్లో మ్యాపు చూసుకుంటూ గట్లన్నీ తిరుగుతున్నారట. మట్ట మీదనుంచి టకటకమని ఎక్కించి దించి నా పక్కన ఆగారు.

నా ప్రాణం పోయినంత పనైంది. "అయ్యో, దాటేశారా! పైన దింపు తీస్తున్నారు, చూసుకోలేదా?" అని అరిచాను.

"ఏం దింపు ఆంటీ?" అన్నాడొకాయన. "లోపల ఎవరూ లేరే. ఒక్క మనిషి కూడా కనబడలేదు. గడ్డే బాగా పెరిగిపోయింది. అటు చివర కూడా ఇలాగే ఒక కొమ్మ పడుంది."

ఆంటీ అన్నందుకు వేరే రోజైతే చెప్పాల్సింది చెప్పేదాన్ని. ఆ రోజు అది పట్టించుకునే స్థితిలో లేను. రెండు చివర్లా మట్ట. మధ్యలో మనిషి లేడు. ఊరుకాని ఊరువాళ్ళకి, ఆ మట్టకి అర్థం తెలియనివాళ్ళకి, దారి తెరిచే ఉంది. తెలిసిన మేమే నెల రోజులుగా ఆగిపోయాం. లెక్కల టీచర్నయ్యుండి, తోటకి దింపు ఎన్ని రోజులు పడుతుందో లెక్కేసుకోలేదు. సిగ్గేసింది, నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

అక్కడినుంచి తిన్నగా మా పేటలోనే ఉండే దింపు పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఈ చుట్టుపక్కల తోటల్లో చెట్లెక్కీ ఎక్కీ ఆయన అరికాళ్ళు చెప్పుల్లా గట్టిపడిపోయాయి. నెల రోజులుగా ఏటి అవతల తోటల్లో దింపులకి పోయి, ముందురోజే ఇల్లు చేరాడు. వరసకి బాబాయి అంటాను. సంగతి చెబితే తింటున్న చద్దన్నం గిన్నె పక్కన పెట్టి నాతో వచ్చాడు. పుంత దగ్గరికొచ్చి మట్టకేసి చూసి నిలబడిపోయాడు.

"దింపు మట్ట పచ్చిదుంటదండి టీచరమ్మా. ఇది చూడండి, ఎండి పేలికలైపోయింది" అన్నాడు. "ఈ తోట దింపు తీసింది నేనేనండి. వానల ముందే అయిపోయింది. మళ్ళీ కాయ దిగాలంటే ఇంకా టైముందండి."

"మరి మట్టెవరేశారు బాబాయ్?"

"తోట ఎవరిదో ఆరేనండి. ఇంకెవరేత్తారు!" ఆ మనిషికి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "ఇన్నేళ్ళబట్టి ఎక్కుతున్నానండి. నా చేతిలోంచి జారిన కాయ ఒక్కడి నెత్తిన పడలేదండి. నా తెలివి కాదండి, మట్ట చూసి జనం ఆగబట్టి. ఇయ్యాల ఉత్తినే మట్టేత్తే, రేపు నేను నిజంగా ఏసినప్పుడు ఎవడాగుతాడండి?"

ఆ సాయంత్రమే తోట ఆసామి గారింటికి వెళ్ళాను. పెద్ద గేటు, లోపల చెట్టన్నది లేకుండా సిమెంటు చేసిన వాకిలి, వరండాలో వాలుకుర్చీ. మా కోనసీమలో అవునన్నా సరేనన్నా ఆయ్ అనే అంటారు, అన్యాయం కూడా అండీ పెట్టే చేస్తారు. "రండి రండి టీచరు గారూ, కూర్చోండి. కాఫీ తాగుదురుగాని" అన్నారాయన. కాఫీ వచ్చింది. నేను ముట్టుకోలేదు.

"పుంతకి అడ్డంగా మట్ట ఎందుకు వేయించారండి?" అన్నాను.

"మట్టా? కొబ్బరితోటలో మట్టలు రాలతాయి కదండి" అని నవ్వారు. "నడవొద్దని నేనెవర్నైనా అన్నానాండి? గేటు కట్టేనాండి? కంచె ఏసేనాండి? మీరే రావడం మానేసేరు."

"దింపు ఉందనుకుని మానేశాం."

"అదేనండి, మీరే అనుకున్నారు. రేపు సోమవారం సర్వేయరు గారొస్తున్నారండి, ఊరి భూములన్నీ మళ్ళీ కొలుస్తున్నారు కదా. దారిలో మోకాల్లోతు గడ్డుంది. మనిషి నడవని దారి దారెలా అవుద్దండి? మీరే చెప్పండి, చదువుకున్నవారు."

అప్పటికి అర్థమైంది నాకు. ఒక్క రాయి పాతకుండా, ఒక్క మాట అనకుండా, మా చేత మేమే నడక మానేలా చేసి, ఆ పెరిగిన గడ్డిని సర్వేయరుకి చూపించి పుంతని తోటలో కలిపేసుకుందామని. ఎంత గుండె! లేచి నిలబడ్డాను. "కాఫీ చల్లారిపోతోందండి టీచరు గారూ" అన్నారు. "చల్లారనివ్వండి" అని వచ్చేశాను. మా వైపు ఇచ్చిన కాఫీ తాగకుండా లేచి రావడం కంటే పెద్ద తిట్టు లేదు. ఆయనకది తగిలిందని గేటు వేసిన చప్పుడులో తెలిసింది.

పేటలో అందరికీ చెప్పాను. బూతులు తిట్టినవాళ్ళు తిట్టారు, తల పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నారు. అయితే పదండి, ఇప్పుడే నడుద్దాం, గడ్డి తొక్కేద్దాం అన్నాను. బిలబిలమని పుంత దాకా వచ్చారు. వచ్చి, మట్ట దగ్గర ఆగిపోయారు.

"తెలుసండి టీచరు గారూ, పైన ఎవరూ లేరని తెలుసు. కాళ్ళు రావట్లేదండి" అంది ముందున్న ఆవిడ, ఏడుపు మొహంతో.

ఏం మనుషులర్రా మీరు అని కేకలేద్దామనుకున్నాను. సైకిలు తీసుకుని ముందుకెళ్ళాను. ముందు చక్రం మట్టకి తగిలింది. పైకి చూశాను. గెలల నిండా కాయలు. మా అమ్మ నా రెక్క పట్టి వెనక్కి లాగినట్టే అనిపించింది. దాటలేకపోయాను. నిజం చెబుతున్నాను, ఒక ఎండిన ఆకుని నేను దాటలేకపోయాను. ఆ ఆసామికి మా గురించి మాకంటే బాగా తెలుసు. అందుకే కంచె వెయ్యలేదు.

వెనకనుంచి పెద్దాయన అన్నాడు: "దాటొద్దులెండి టీచరమ్మా. మట్ట తీసే హక్కు నాది. రేపు పొద్దున్నే వచ్చి మర్యాదగా తీత్తాను. దాన్ని దాటడం ఒకసారి అలవాటైతే నా బోటోడి బతుకేం కావాలి?" అది న్యాయమైన మాట.

సోమవారం తెల్లారేసరికి నడుముకి తువ్వాలు బిగించి, దింపుకి వెళ్ళినట్టే కత్తి దోపుకుని వచ్చాడు. గట్టు వైపుది ముందు తీశాడు. తర్వాత మా వైపుది. ఆ మరుక్షణం పేట పేటంతా పుంతలోకి దిగింది. గట్టు దాకా పోవడం, మళ్ళీ రావడం. పిల్లలు బడిసంచులతో, ఆడవాళ్ళు కొడవళ్ళతో. నేను సైకిలు మీద అటొకసారి, ఇటొకసారి. గడ్డి నేలకి అణిగిపోయింది, కింద ఎర్ర గ్రావెల్ కనబడింది. నెల రోజుల తర్వాత ఆ కంకర టైర్ల కింద కరకరలాడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

"ఈ మట్ట ఎక్కడ పారెయ్యమంటారండి?" అన్నాడు పెద్దాయన.

"పారెయ్యకు బాబాయ్. నా క్యారియర్‌కి కట్టు."

కట్టాడు. వెనక అంత పొడుగు మట్ట బరబరా ఈడ్చుకుంటూ ఊరంతా తెలిసేలా తొక్కాను. కొట్టాయన చూస్తే అందం పోయిందని ఎంత ఏడ్చేవాడో! పెద్దాయనా, పేటలో సగం మందీ నా వెనక నడిచారు. ఆసామి గారి గేటు బార్లా తీసి ఉంది. క్యారియర్ నుంచి విప్పిన మట్టని ఆ గేటుకి అడ్డంగా, ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి సరిగ్గా పరిచాడు పెద్దాయన. మేం రోడ్డుకి అవతల నిలబడ్డాం.

ముందు సర్వేయరు గారు వచ్చారు, కొలిచే పరికరం బండికి కట్టుకుని. ఆయనదీ ఈ సీమే. మట్ట చూడగానే ఇవతలే బండి ఆపేశారు. "దింపాండి?" అన్నారు మాకేసి తిరిగి.

ఇంతలో లోపలినుంచి ఆసామి గారు బండి మీద వచ్చారు, సర్వేయరు గారిని తోటకి దగ్గరుండి తీసుకెళ్దామని. మట్ట కనబడింది. బ్రేకు కీచుమంది. ఒక కాలు నేల మీద పెట్టి, తల ఎత్తి పైకి చూశారు.

పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

"దింపేం లేదండి బాబుగారూ, వచ్చెయ్యండి!" అన్నాడు మా పెద్దాయన.

ఆయన రాలేదు. మొహం ఎర్రబడింది, బండి గర్రుమంది, చక్రం మాత్రం కదల్లేదు. అప్పుడు సర్వేయరు గారికి జరిగిందంతా చెప్పాను, నెల రోజులదీ, రెండు చివర్లదీ. ఆయన విని, గేట్లో ఆగిపోయిన మనిషికేసి చూసి, "ఊరి నక్షాలో పుంత గీసే ఉందండి. నడక ఎందుకాగిందో ఇప్పుడు కళ్ళారా చూశాను" అని పరికరం దింపుకుని పుంత వైపు నడిచారు. పెద్దాయన వెళ్ళి మట్ట తీసేదాకా ఆసామి గారు గేటు లోపలే ఉన్నారు. సాయంత్రానికి పుంతకి రెండు పక్కలా హద్దురాళ్ళు పడ్డాయి.

మర్నాడు తెల్లారగట్ల ఎప్పటిలాగే బయల్దేరాను. పుంత మధ్యకొచ్చేసరికి ఎదురుగా ఆసామి గారు, తోట చూసుకోవడానికి కాబోలు, చేతులు వెనక్కి కట్టుకుని దారి నడిమధ్యన నడిచి వస్తున్నారు. ఒక్కక్షణం తొక్కడం ఆపాను. దిగాలా? మా అమ్మమ్మ దిగేది. నేను దిగలేదు. బెల్లు కొట్టాను. ఇంకా దగ్గరికొచ్చాక మళ్ళీ కొట్టాను.

ఆయన పక్కకి దిగి, తడిగడ్డిలో నిలబడ్డారు.

"నమస్తే అండి" అన్నాను, ఆగకుండానే.

"ఆయ్" అన్నారు.